బోరు చేను నా పేరున రాయించండి

చిరంజీవి చిన్నాకు, అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ మేం బాగున్నాం. మీరిద్దరూ, బుజ్జిదీ బాగున్నారని తలుస్తున్నా. ఫోన్‌లో చెప్పబోతే నువ్వు "సరేలే అమ్మా, ఊరికొచ్చినప్పుడు మాట్లాడుకుందాం" అంటావు. వచ్చినప్పుడేమో ఇంటి నిండా జనం. అందుకే కాగితం మీద పెడుతున్నా. తీరిగ్గా చదువు. కోడలికీ చదివి వినిపించు. ఆ పిల్లకు తెలియకుండా ఈ పని జరగడం నాకిష్టం లేదు.

చెరువు పక్కన బోరు చేను రెండెకరాలు నా పేరున రాయమని మీ నాన్నను అడిగాను. ఆయన కాదనలేదు. "అబ్బాయి ఏమనుకుంటాడో" అని ఆగాడు. నిన్నడిగితే "ఎవరి పేరునుంటే ఏముందమ్మా, అంతా మనదేగా" అన్నావు. అంతా మనదే. నాకు అందులో అనుమానం లేదు. మీ నాన్న మీదా అనుమానం లేదు, ఒక్క రూపాయి నాకు తెలియకుండా ఖర్చు పెట్టిన మనిషి కాదు. అయినా ఎందుకడుగుతున్నానో నువ్వు పూర్తిగా వినాలి.

మీ తాత పంచిన నాలుగెకరాల మెట్ట మీ నాన్నది. దాన్ని నేను అడగడం లేదు. బోరు చేను అట్లా వచ్చింది కాదు. 2008లో మేమిద్దరం కొన్నాం. ఆ ఏడు పొగాకు మంచి ధరకు పోయింది, అది సగం. మిగతా సగం రెండు పాడిగేదెలు, నా చేతి గాజులు, డ్వాక్రాలో నేను తీసుకున్న అప్పు. రిజిస్ట్రేషన్ రోజు నేనూ అక్కడే బెంచీ మీద కూర్చుని ఉన్నా. దస్తావేజు రాసే ఆయన మీ నాన్న పేరడిగాడు, రాసుకున్నాడు. ఇంకెవరి పేరైనా కలపాలా అని ఎవరూ అడగలేదు. మీ నాన్నకూ తోచలేదు, ఊళ్ళో అందరూ అట్లాగే చేస్తారు గనక. అప్పు మాత్రం నెలనెలా నేను పాలడబ్బుతో కట్టాను. నీ ఇంజనీరింగ్ ఫీజూ పాలడబ్బే. నీకు సీటు రావాలని రొట్టెల పండక్కి నెల్లూరు పోయి స్వర్ణాల చెరువులో నిలబడి చదువు రొట్టె పట్టుకున్న సంవత్సరం ఆ అప్పు ఇంకా తీరనేలేదు.

పొగాకులో ఆడవాళ్ళ పని ఎంతుంటుందో నీకు సరిగా తెలియదు నాయనా. నువ్వు హాస్టల్ నుంచి సెలవులకు వచ్చేసరికి బేళ్ళు కట్టేసి ఉండేవి. ఆ విత్తనం ఆవగింజలో పావు వంతు కూడా ఉండదు. ఇసుకలో కలిపి చల్లాలి, మొలక వచ్చేదాకా మడి ఆరకుండా పొద్దునా సాయంత్రం తడపాలి. అది నా పని. నాటాక, మొక్క పూతకొచ్చేటప్పుడు తలలు తుంచి పిలకలు తీయడం, అదీ నేనూ కూలోళ్ళే. ఆకు కింద నుంచి పండుకుంటూ వస్తుంది. రెండాకులు, మూడాకులు చొప్పున విడతలుగా కోసుకుంటూ పైకి పోవాలి. తెల్లవారుజామున మంచుకు తడిసిన ఆకు చంకలో పెట్టుకుని కోస్తే ఆ ఘాటు చర్మంలో నుంచి ఒంట్లోకి దిగుతుంది. కళ్ళు తిరుగుతాయి, వాంతులవుతాయి. కొత్తగా వచ్చిన కూలిపిల్లలు గట్టు మీద తలపట్టుకుని కూర్చుండిపోతారు. చేతులకు నల్లటి బంక పడుతుంది, సబ్బుకు పోదు. చింతపండు పిసికి రుద్దుకున్నా వేళ్ళ సందుల్లో మిగిలే ఉంటుంది, అన్నం కలిపితే చేదు. కోతల రోజుల్లో నీకు ముద్దలు మీ జేజి పెట్టేది, నేను కాదు. నీకు గుర్తుందో లేదో.

కోసిన ఆకు ఆ రోజే కర్రలకు కట్టి, సెగ మీద ఆకు ఆరబెట్టే బ్యారన్‌లోకి ఎక్కించాలి. వెలిగించాక అయిదారు రోజులు పొయ్యి ఆరకూడదు. మొదట సన్నసెగ మీద ఆకు పసుపు తిరగాలి. తర్వాత రెక్క ఆరాలి. చివర్న పెద్దసెగ మీద ఈనె ఎండాలి. తొందరపడి వేడి పెంచితే ఆకు పచ్చగానే బిగుసుకుపోతుంది, వేలంలో దాని మొహం ఎవరూ చూడరు. మీ నాన్నకు నడుం పట్టేసినప్పటి నుంచి అర్ధరాత్రి లేచి కట్టె ఎగదోసేది, లోపల వేడి చూసేది నేనే. బ్యారన్ లైసెన్సు ఆయన పేరున, పొగాకు బోర్డులో రైతుగా నమోదు ఆయన, కలిగిరి వేలంలో అమ్మిన డబ్బు పడేది ఆయన ఖాతాలో.

2023 డిసెంబరు గుర్తుంది కదా. మిచౌంగ్ తుపానుకు అక్కడ చెన్నైలో మీరు నీళ్ళలో ఉన్నారు, కంటి ఆపరేషన్ కోసం వచ్చిన మీ నాన్న మీ దగ్గరే చిక్కుకుపోయాడు. ఇక్కడ నాటి నెలైనా కాని పొగాకు. నీళ్ళు నిలిస్తే ఆ మొక్క తట్టుకోదు, వేళ్ళు కుళ్ళి వడలిపోతుంది. ఇద్దరు కూలీలను బతిమాలి పిలుచుకుని వానలోనే గట్లు తెగ్గొట్టి నీళ్ళు బయటికి తోశాం. మెట్ట సగం దక్కింది, బోరు చేను మొత్తం పోయింది. మళ్ళీ నాటాలంటే నారు కొనాలి, అప్పుడు నారు ధర చెట్టెక్కి కూర్చుంది. అప్పు కోసం బ్యాంకుకు పోతే "పాసుపుస్తకం ఎవరి పేరున ఉందమ్మా? ఆయన్నే రమ్మను" అన్నారు. నష్టం రాసుకోవడానికి చేలోకి వచ్చిన వాళ్ళూ అదే మాట. నేను మోకాళ్ళ దాకా బురదలో ఉన్నా, వాళ్ళు గట్టు మీద నుంచి "రైతు ఊళ్ళో లేడా" అని అడిగారు. ఆ మాట నా మనసులో నుంచి పోవడం లేదు చిన్నా.

ఇంకొక సంగతి నీకెప్పుడూ చెప్పలేదు. 1990లో, పెళ్ళయిన కొత్తలో, మా నాయన పొలం పంపకాలు చేసేటప్పుడు నన్ను పిలిపించారు. చీర పెట్టారు, పసుపుకుంకుమల కింద కొంచెం డబ్బు ఇచ్చారు, ఒక కాగితం మీద వేలిముద్ర వేయించారు. అందులో ఏముందో చదవడం అప్పట్లో నాకు రాదు. చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది, అది నా వాటా వదులుకున్నట్టు కాగితం అని. పిత్రార్జితంలో ఆడపిల్లకూ కొడుకుతో సమానంగా వాటా ఉందని ఎన్టీఆర్ ప్రభుత్వం 1986లోనే చట్టం చేసింది. అది 1985 సెప్టెంబరు నుంచే అమలు, ఆ తర్వాత పెళ్ళయిన నాకు వర్తించేదే. ఢిల్లీ వాళ్ళ చట్టం 2005లో గానీ రాలేదు, మనకు ఇరవై ఏళ్ళ ముందే ఉంది. ఉండి ఏం లాభం, ఊళ్ళో ఒక్క ఆడపిల్లకూ ఎవరూ చెప్పలేదు. మీ మామయ్యలతో తగవు పెట్టుకోమని దీని అర్థం కాదు. వాళ్ళు నన్ను ఏ పండక్కీ తక్కువ చేయలేదు. నేను వేసిన చివరి వేలిముద్ర మాత్రం అదే.

ఆ మరుసటేడు జిల్లాలో పెద్దవాళ్ళకు చదువు నేర్పే అక్షర దీపం వచ్చింది. పగలంతా పని, రాత్రి రామాలయం అరుగు మీద లాంతరు పెట్టుకుని అ ఆలు దిద్దాం. మీ జేజి మొదట నన్ను తిట్టింది, తర్వాత తనే పలక పట్టుకుని వచ్చింది. 1992లో మన పక్కన దూబగుంటలో ఆడవాళ్ళు సారా అంగడి మూయించారు. ఆ కబురు ఊరూరికీ పాకింది. మన ఊళ్ళోకి సారా తెచ్చిన బండికి అడ్డంగా నిలబడిన వాళ్ళలో మీ జేజి ఉంది, చంకలో మీ అక్కతో నేనున్నా. 1993 అక్టోబరుకు రాష్ట్రమంతా సారా బందయింది. ఆ గుంపులే ఆ తర్వాత రోజుకో రూపాయి పొదుపు మొదలుపెట్టాయి. ఇవాళ నువ్వు చదువుతున్న ఈ అక్షరాలు ఆ అరుగు మీద నేర్చుకున్నవే.

మన వెనకవీధి అత్తను చూస్తూనే ఉన్నావు. మామ పోయేనాటికి పొలం ఇంకా వాళ్ళ మామగారి పేరునే ఉంది. బావలు, మరుదులు పంపకాలు తేల్చరు. తన చేత్తో నాటిన చేలోకే ఆమె ఇప్పుడు కూలికి పోతోంది. మనింట్లో అట్లా జరుగుతుందని నేననడం లేదు. కానీ ఆమె కూడా అట్లా అనుకోలేదు కదా.

చేను నా పేరున పడితే నేనేం చేస్తానో కూడా చెబుతా. అందులో పొగాకు వేయను. 2024లో కిలో మూడొందలు దాటిందని అందరూ విరగబడి వేశారు. ఆ మరుసటేడు లోగ్రేడ్ ఆకుకు వేలంలో పాడేవాళ్ళే లేరు, నోబిడ్ మీద నోబిడ్. బేళ్ళు ఎన్నిసార్లు తీసుకుపోయి ఎన్నిసార్లు వెనక్కి తెచ్చామో మీ నాన్ననడుగు. ఒక ఎకరం వేరుశనగ వేస్తా. అర ఎకరం గేదెలకు నేపియర్ గడ్డి, మిగిలిన దాంట్లో ఇంటికి కంది, సజ్జ. మీ నాన్నకు ఇది నచ్చదు, పొగాకు ఒక్కటే చేతికి ఒకేసారి డబ్బిస్తుందంటాడు. మెట్టలో ఆయనిష్టం. ఆ రెండెకరాల్లో ఏం వేయాలన్నది నేను చెప్పాలి. నాలుగేళ్ళుగా అడుగుతున్నా, ప్రతిసారీ "ఈ ఒక్క ఏడూ చూద్దాం" అంటాడు.

అది స్వార్జితం కాబట్టి దానపత్రానికి నీ సంతకం, అక్క సంతకం అక్కర్లేదని దస్తావేజు రాసే ఆయన చెప్పాడు. కుటుంబంలో వాళ్ళకు రాసేది గనక స్టాంపు ఖర్చు కూడా అమ్మకానికంటే తక్కువేనట. ఆ ఖర్చు పాలడబ్బులో పక్కన పెట్టాను, మిమ్మల్ని అడగను. నాకు నీ నోటి మాట కావాలి. నువ్వు మనస్ఫూర్తిగా సరే అంటే మీ నాన్న రేపే బయల్దేరతాడు, ఆయన సంగతి నాకు తెలుసు.

దాంతో పాటు ఇది కూడా ఇప్పుడే విను, తర్వాత అమ్మ చెప్పలేదనుకోవద్దు. నా తర్వాత ఆ చేను నీకూ అక్కకూ చెరిసగం. వీలునామా కూడా రాసిపెడతా. అక్కకు కట్నం ఇచ్చాంగా అని ఎవరైనా నీ చెవిన వేస్తే, చదువుకు నీకూ పెట్టామని చెప్పు.

కార్తీకంలో నాట్లు మొదలయ్యే లోపు పని అయిపోవాలి. ఆదివారం నాన్నకు ఫోన్ చేసి మాట్లాడు. సెలవు దొరికితే రిజిస్ట్రేషన్ రోజుకు రా, సాక్షి సంతకం నువ్వే పెట్టు. వచ్చేటప్పుడు ఆధార్ కార్డు మర్చిపోకు.

బుజ్జిదానికి ముద్దులు.

ఇట్లు,
మీ అమ్మ