డిగ్రీ వాళ్లది, పూచీ ఎవరిది?

రాష్ట్ర విద్యాశాఖ మంత్రిగారికి,

నమస్కారాలు.

ఉద్దానం నుంచి గల్ఫ్‌కు వెల్డరుగా వెళ్లే కుర్రవాణ్ణి పంపాలంటే ఏజెంటుకు 1983 నాటి వలసల చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. అదే ఊరి నుంచి, కొబ్బరితోట తాకట్టు పెట్టి ఎమ్మెస్‌కు వెళ్లే అమ్మాయిని పంపే కన్సల్టెన్సీకి ఆ షరతు లేదు. ఒక బల్ల, నాలుగు కుర్చీలు, గోడ మీద ప్రపంచ పటం ఉంటే చాలు.

శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి చుట్టుపక్కల 'ఉచిత సేవ' బోర్డులకు కొదవ లేదు. ఉచితమేమీ కాదు. చేర్పించిన విద్యార్థి మొదటి ఏడాది ఫీజులో వాటాను విశ్వవిద్యాలయమే ఏజెంటుకు ఇవ్వడం ఈ వ్యాపారంలో మామూలు. అమ్మాయి తరఫున మాట్లాడుతున్నట్టే ఉంటూ మగపెళ్లివారి దగ్గర డబ్బు పుచ్చుకునే పెళ్లిళ్ల పేరయ్య అన్నమాట. అమెరికాలో ప్రభుత్వ సాయం అందుకునే విద్యాసంస్థలు తలకింత చొప్పున కమీషన్ ఇచ్చి విద్యార్థులను చేర్చుకోవడాన్ని 1992లోనే నిషేధించారు. విదేశాల్లో ఉండే విదేశీ విద్యార్థులను మాత్రం మినహాయించారు. తమ పిల్లలకు చేటు చేసేది మన పిల్లలకు ఎలా మేలవుతుందో!

నా పూర్వ విద్యార్థి ఒకడు ఈమధ్య ఒక కరపత్రం తెచ్చి చూపించాడు. ముందు పేజీ నిండా పచ్చిక బయళ్లు, నల్ల గౌన్లు. చివరి పేజీ అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో రెండు వాక్యాలు: ప్రవేశం, వీసా, డిగ్రీ గుర్తింపులకు సంస్థ బాధ్యత వహించదు, కట్టిన రుసుము తిరిగి ఇవ్వబడదు.

పెద్ద మధ్యవర్తుల సంగతీ చెప్పుకోవాలి. మన విశ్వవిద్యాలయంతో ఉమ్మడి డిగ్రీ నడపాలంటే విదేశీ సంస్థ క్యూఎస్ లేదా టైమ్స్ అనే ప్రపంచ విశ్వవిద్యాలయాల ర్యాంకుల్లో మొదటి వెయ్యిలో ఉండాలని విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2022 నాటి నిబంధన. లండన్‌లోని ప్రైవేటు సంస్థలు వేసే వరస మన చట్టంలోకి అలా ఎక్కింది. విదేశీ డిగ్రీ మన డిగ్రీకి సమానమని పత్రం ఇచ్చే పనిని భారత విశ్వవిద్యాలయాల సంఘం చాలాకాలం చూసింది. 2025 ఏప్రిల్‌లో యూజీసీ దాన్ని తన చేతిలోకి తీసుకుంది. విదేశీ విశ్వవిద్యాలయం పేరు వాడుకుని ఇక్కడి సంస్థ నడిపే ఫ్రాంచైజీ డిగ్రీలు చెల్లవని ఆ యూజీసీయే చెబుతున్నా 'అంతర్జాతీయ ఒప్పందం' ఫ్లెక్సీలు ఆగలేదు. తేడా వస్తే తిలా పాపం తలా పిడికెడు.

మధ్యవర్తులే వద్దనడం లేదు. జర్మనీలో విదేశీ విద్యార్థుల రాకపోకలు చూసే డీఏఏడీ అనే సంస్థ అలాంటిదే, కానీ దాని సభ్యులు అక్కడి విశ్వవిద్యాలయాలు, విద్యార్థి సంఘాలు. ఎవరికి జవాబు చెప్పాలో దానికి తెలుసు.

ఎచ్చెర్లలోని అంబేడ్కర్ విశ్వవిద్యాలయమైనా, విజయనగరంలోని జేఎన్‌టీయూ గురజాడ అయినా విదేశీ ఒప్పందం చేసుకుంటే దాని పూర్తి పాఠాన్ని తెలుగులోనూ బయటపెట్టించండి. మధ్యలో ఎవరున్నారు, వారికి ఎంత ముడుతుంది, వారు తప్పుకుంటే విద్యార్థి చదువు పూర్తి చేయించేది ఎవరు అన్నవి అందులో ఉండాలి. కన్సల్టెన్సీలకు లైసెన్సు తప్పనిసరి చేయండి. అది రాష్ట్రం పరిధి కాదని అధికారులు నీళ్లు నమిలితే, పంజాబ్ 2012లో చేసిన చట్టాన్ని వారి ముందు పెట్టండి. డబ్బు కట్టకముందే ఆ డిగ్రీ మన దేశంలో చెల్లుతుందో లేదో చూసి చెప్పే ఉద్యోగి ఒకరు ప్రతి జిల్లా కేంద్రంలో ఉండాలి.

వచ్చే ప్రవేశాలకు ముందే ఉత్తర్వులు ఇస్తే, ఈ ఏడాది తాకట్టుకు సిద్ధపడుతున్నవారికైనా పనికొస్తాయి.

ఇట్లు,
విశ్రాంత అధ్యాపకుడు,
శ్రీకాకుళం