పాత బండ్ల సంఘం, తిరుపతి: కార్యదర్శి వార్షిక నివేదిక

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

సర్వసభ్య సమావేశం ముందు ఏడాది పనుల నివేదిక ఉంచడం కార్యదర్శిగా నా బాధ్యత. సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీకు కొత్తగా చెప్పనక్కర్లేదు కాబట్టి నేరుగా పనుల్లోకి వస్తున్నాను.

నెలవారీ సమావేశాలు రెండు తప్ప అన్నీ జరిగాయి. ఆగస్టు 15, జనవరి 26 ర్యాలీలు బాగా జరిగాయి, ఫొటోలు అందరూ చూశారు. ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవాల్సింది మాత్రం మన పాత మోటారు సైకిళ్ల ఫ్రేము, బ్రేకుల తనిఖీ శిబిరమే.

దాని అవసరం ఆగస్టు ర్యాలీలోనే తెలిసొచ్చింది. అలిపిరి దగ్గర పల్లంలో మన సభ్యుడి యెజ్డీ ఒకటి ఆగక ముందు బండికి తగిలింది. దేవుడి దయవల్ల ఎవరికీ దెబ్బ తగల్లేదు. క్రోమ్‌లో ముఖం చూసుకోవచ్చు, అంత మెరుస్తున్న బండి అది. బ్రేకు డ్రమ్ము విప్పితే, లోపల రాపిడితో చక్రాన్ని ఆపాల్సిన లైనర్లు గాజులా నున్నబడి ఉన్నాయి. ఆ సాయంత్రమే కార్యవర్గం కూర్చుని శిబిరం పెట్టాలని తీర్మానించింది. కార్తీకంలో అనుకున్నాం గానీ అల్పపీడనం వానలతో కుదరలేదు. సంక్రాంతి దాటాక రెండు ఆదివారాలు తిరుచానూరు రోడ్డులో ఒక సభ్యుడి గోడౌన్ షెడ్డులో జరిపాం. బుల్లెట్లు 11, జావా, యెజ్డీలు కలిపి 8, రాజ్‌దూత్‌లు 4, మొత్తం 23 బండ్లు చూశాం.

ముందు ఫ్రేము సంగతి. వెనక టైరుకు రెండు పక్కలా దారం ఆనించి ముందు చక్రం దాకా లాగాం. ముందు టైరుకు అటూ ఇటూ ఖాళీ సమానంగా ఉండాలి. తేడా వచ్చిందని వెంటనే ఫ్రేము వంగిందని కంగారు పడకూడదు. బుల్లెట్లలో చైన్ టైట్ చేసే నత్త ఆకారపు అడ్జస్టర్లు రెండూ ఒకే గాటు మీద ఉన్నాయో లేదో ముందు చూడాలి. ఆరు బండ్లకు అక్కడితోనే తేడా పోయింది. ఆ తర్వాత వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్ బుష్‌లు, హ్యాండిల్ తిరిగే బేరింగు అంటే కోన్ సెట్ ఊపి చూశాం. హ్యాండిల్ తిప్పితే మధ్యలో ఒకచోట పట్టినట్టు ఆగుతోందంటే కోన్ సెట్‌లో గుంటలు పడ్డాయని అర్థం.

చిత్తూరు నుంచి వచ్చిన పెద్ద మేస్త్రి లేకపోతే ఒక బండి విషయం బయటపడేదే కాదు. రిటైర్డ్ హెడ్‌మాస్టరు గారి బుల్లెట్ అది. రేణిగుంట రైల్వేలో పనిచేసేటప్పుడు వాళ్ల నాన్నగారు కొన్నారు. దారం లెక్క సరిగ్గానే ఉంది. అయినా మేస్త్రి స్టీరింగ్ హెడ్ (హ్యాండిల్ తిరిగే ఫ్రేము గొట్టం) కింద, ముందు ట్యూబు మొదలయ్యే చోట వేలితో రాస్తూ చాలాసేపు నిలబడ్డాడు. “ఇక్కడ పెయింటు కింద ఏదో ఉబ్బుగా ఉండాది సార్, గీకతాను” అన్నాడు. కొత్తగా వేయించిన పెయింటు, హెడ్‌మాస్టరు గారికి ప్రాణం ఒప్పలేదు. చివరికి సరేనన్నారు. గీకితే పాత వెల్డింగ్ ముద్ద కనిపించింది. దాని పక్కన కిరోసిన్ పూసి, పావుగంట ఆగి, పొడిగుడ్డతో తుడిచి సుద్దపొడి చల్లాడు. చూస్తుండగానే తెల్లటి పొడి మీద తలవెంట్రుకంత సన్నని తడి గీత తేలింది. ట్యూబు చుట్టూ మూడో వంతు దాకా పగులు! షెడ్డులో ఎవరూ మాట్లాడలేదు.

పాత బుల్లెట్ ఫ్రేముకు ఇంజనును కింద నుంచి మోసే ఊయల లాంటి గొట్టాలు ఉండవు. ముందు ఒక్క ట్యూబు దిగి ఇంజనుకు బోల్టవుతుంది, ఇంజనే ఫ్రేములో భాగం. ఆ ట్యూబు విరిగితే బండి ముందు భాగం చేతికి వచ్చేస్తుంది. ఆ అతుకులు అసలు ఇత్తడి కరిగించి అతికినవి. ఎప్పుడో ఎవరో దాని మీద కరెంటు వెల్డింగ్ పెట్టారు, ఆ వేడికి పక్క లోహం పెళుసెక్కి అక్కడే చీలింది. మేస్త్రి ఇంజను దింపించి, పాత ముద్ద తీసేసి, లోపల స్లీవు (చిన్న గొట్టం) వేసి కొత్త ట్యూబు ముక్కను గ్యాస్ మీద ఇత్తడితోనే అతికాడు. స్టీరింగ్ హెడ్‌లో లేత్ మీద తిప్పిన రాడ్డు దూర్చి, కొలత తప్పకుండా కట్టాకే మంట పెట్టాడు. అతుకును నీళ్లు పోయకుండా దానంతటదే చల్లారనిచ్చాడు. చాసిస్ నంబరు మీద గ్రైండరు పడకుండా ముందే గుడ్డ కట్టి ఫొటో తీయించాం. సభ్యులందరూ ఇది గుర్తుపెట్టుకోండి. నంబరు చెరిగితే బండి ఎంత బాగున్నా కాగితాల దగ్గర చచ్చినట్టే.

బ్రేకుల్లో ఎక్కువగా కనిపించింది ఆయిల్ తడిసిన లైనర్లు. పెట్రోలుతో కడిగి, కాల్చి మళ్లీ వేసుకునే అలవాటు మానండి. తడిసిన లైనరు మార్చాల్సిందే. లివరు నొక్కితే కొట్టుకున్నట్టు ఉంటే డ్రమ్ము గుండ్రం తప్పింది, లేత్ మీద కోయించాలి. కోయించాక డ్రమ్ము వంపుకు సరిగ్గా ఆనేలా బ్రేకు షూ మీది లైనరును రుద్దించకపోతే ఖర్చంతా దండగ. పాత లైనర్లలో ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు కాబట్టి గాలి కొట్టి దుమ్ము లేపకుండా తడిగుడ్డతో తుడిపించాం. రెండు జావాల్లో ముందు బ్రేకు ప్లేటును పట్టి ఉంచాల్సిన యాంకరు సరిగా కూర్చోలేదు. అది జారితే ప్లేటు చక్రంతో పాటు తిరిగి, కేబులు చుట్టుకుని, చక్రం బిగుసుకుపోతుంది. ఆ రెండు బండ్లూ అంతకు ముందు వారమే శ్రీకాళహస్తి వెళ్లి వచ్చాయని తెలిసి నాకు ఒళ్లు జలదరించింది.

రెండో ఆదివారం మధ్యాహ్నం రంగంపేట మీదుగా భాకరాపేట కనుమ ఎక్కి దిగి పరీక్షించాం. జావా, యెజ్డీ, రాజ్‌దూత్ లాంటి టూ స్ట్రోక్ బండ్లకు ఇంజన్ బ్రేకింగ్ (ఏక్సిలేటరు వదిలితే ఇంజనే వేగం తగ్గించడం) తక్కువ, భారమంతా డ్రమ్ముల మీదే పడుతుంది. పైగా ఇంజనుకు ఆయిల్ పెట్రోలులో కలిసే వెళ్లాలి కాబట్టి దిగేటప్పుడు మధ్యమధ్యలో ఏక్సిలేటరు ఇస్తూ ఉండాలని మేస్త్రి చెప్పాడు. కింద ఆగాక ఒక్కో డ్రమ్ము దగ్గర చెయ్యి పెట్టి వేడి చూశాం. హెడ్‌మాస్టరు గారు అందరికంటే ఆఖరున, నెమ్మదిగా దిగారు. బండి ఆపి, స్టాండు వేసి, ట్యాంకు మీద చెయ్యి ఉంచి చాలాసేపు అలాగే నిలబడ్డారు.

ఇంత చెప్పాక బాధ కూడా చెప్పాలి. శిబిరానికి 14 మంది వాలంటీర్లుగా పేర్లిచ్చారు. మొదటి ఆదివారం వచ్చింది ఐదుగురు, రెండో ఆదివారం ముగ్గురు. ర్యాలీ రోజు ముందు వరసలో నిలబడేవాళ్లు షెడ్డులో స్పానరు అందించడానికి ఒక్క పూట రాలేరా? పేర్లు రాయను, ఎవరికి వారికి తెలుసు.

వింటేజ్ రిజిస్ట్రేషన్ విషయంలోనూ ముందుకు పోలేకపోయాం. 50 ఏళ్లు దాటి అసలు రూపంలో ఉన్న బండ్లకు 2021లో కేంద్రం నియమాలు తెచ్చింది. కొత్త రిజిస్ట్రేషన్‌కు ఫీజు రూ.20,000, గడువు 10 ఏళ్లు, రెన్యువల్‌కు రూ.5,000. ఇప్పటికే రిజిస్ట్రేషన్ ఉన్నవాటికి పాత నంబరే ఉంచుకోవచ్చు. ఇలా తీసుకున్న బండిని రోజువారీ తిప్పుకోవడం కుదరదని కూడా గమనించండి. ముగ్గురు సభ్యుల ఫైళ్లతో ఒక కార్యాలయం చుట్టూ నాలుగుసార్లు తిరిగాను. గెజిట్ కాపీ చేతికిచ్చినా “పైనుంచి రావాలి” అనే మాట తప్ప రసీదు కూడా ఇవ్వలేదు. ఈసారి పది మందైనా నాతో రావాలి.

లెక్కలు ఆడిట్ అయ్యాయి, కోశాధికారి గారు సమావేశంలో చదువుతారు. శిబిరం ఖర్చు విరాళాలతోనే సరిపోయింది, సంఘం నిధి కదల్లేదు.

షెడ్డు ఇచ్చిన సభ్యుడికి, కూలి తీసుకోకుండా రెండు రోజులూ పనిచేసిన చిత్తూరు మేస్త్రికి, అర్ధరాత్రి దాకా డ్రమ్ములు కోసిన లేత్ వర్క్‌షాపు తమ్ముళ్లకు, రాగి సంగటి, చెనక్కాయ ఊరిబిండి వండి పంపిన సభ్యుల ఇళ్ల ఆడవాళ్లకు, ఫొటోలు తీసిన కాలేజీ పిల్లలకు సంఘం తరఫున మనస్ఫూర్తిగా ధన్యవాదాలు.

వచ్చే శిబిరం మళ్లీ సంక్రాంతి తర్వాతే. శిబిరం తనిఖీ చీటీ లేని బండిని ర్యాలీకి అనుమతించకూడదని కార్యవర్గం తీర్మానం పెడుతోంది, దయచేసి ఆమోదించండి. సంఘం కొన్న వీల్ పుల్లరు, స్పోక్ కీ సెట్టు ఎవరి దగ్గరున్నాయో వాళ్లు సమావేశానికి వచ్చేటప్పుడు తెచ్చివ్వగలరు.

ఇట్లు,
కార్యదర్శి