కాలిన అడవిలోకి యంత్రాలెందుకు?

సంపాదకుడు గారికి,

ఎక్కడైనా అడవి కాలిందన్నా, గాలివానకు కూలిందన్నా ఆ వార్త వెనకే మరో ప్రకటన వస్తుంది: కలప తరలిస్తాం, లక్షల మొక్కలు నాటుతాం అని. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఈ తొందరే చాలాసార్లు అడవికి రెండో దెబ్బ అవుతోంది.

అమెరికాలోని యెల్లోస్టోన్ పార్కులో 1988లో మూడో వంతుకు పైగా మంటల బారిన పడింది. ఇక ఆ పార్కు పనైపోయిందనే చాలామంది అనుకున్నారు. అక్కడి లాడ్జ్‌పోల్ పైన్ చెట్లలో కొన్నిటి కాయలు బంకతో బిగుసుకుపోయి, ఏళ్ల తరబడి కొమ్మనే ఉంటాయి. మంట వేడికి ఆ బంక కరిగి, రేకులు విచ్చుకుని, విత్తనాలు బూడిదలో రాలతాయి. తల్లిచెట్టు చచ్చిన చోటే, ఎవరూ నాటకుండానే, చాలాచోట్ల నారుమడిలా ఒత్తుగా మొలకలొచ్చాయి.

అమెరికాలోనే ఆరెగాన్ రాష్ట్రంలో 2002లో కాలిన అడవిలో ఇందుకు భిన్నంగా జరిగింది. కొన్నిచోట్ల మాడిన చెట్లను నరికి తరలించారు. అలా నరికిన చోట, తమంతట తాము వచ్చిన మొలకలు 71 శాతం తగ్గాయని 2006లో వెలువడిన అధ్యయనం తేల్చింది. పైగా పనికిరాని కొమ్మారెమ్మా నేల మీదే మిగిలిపోయి, మళ్లీ నిప్పంటుకుంటే రాజుకోవడానికి సిద్ధంగా ఉంది.

గాలివాన సంగతి ఇంకా ఆశ్చర్యం. 1990లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన పరిశోధనా అడవి హార్వర్డ్ ఫారెస్ట్‌లో పరిశోధకులు, పెనుగాలి పడగొట్టినట్టుగా పెద్ద చెట్లను తాళ్లతో లాగి కూల్చి, వాటిని అలాగే వదిలేశారు. సగం వేళ్లు మట్టిలోనే ఉండటంతో, పడుకున్న చెట్లలో చాలావాటికి మరుసటి వసంతంలోనూ ఆకులొచ్చాయి. నేలకు నీడ పోలేదు, మట్టి కొట్టుకుపోలేదు. మన కంటికి అదంతా చిందరవందరే. ఎండిన మోడుల్లో పురుగుల్ని ఏరుకు తినే వడ్రంగి పిట్టలకు మాత్రం అదే ఇల్లూ, వంటిల్లూ.

అలాగని అన్ని అడవులూ వాటంతటవే కోలుకుంటాయని చెప్పలేం. యెల్లోస్టోన్‌లో 1988 తర్వాత పెరిగిన కుర్ర చెట్లు కొన్నిచోట్ల 2016లో మళ్లీ కాలాయి. కొమ్మల్లో ఇంకా సరిపడా కాయలు లేవు. అక్కడ మొలకలు దాదాపు ఆరో వంతుకు పడిపోయాయి. ఎండలు ముదిరి, మంటకీ మంటకీ మధ్య ఎడం తగ్గితే ఎంత గట్టి అడవికైనా టెన్షనే. విత్తనం మిగలని అలాంటి చోట నాటాల్సిందే. అదీ అక్కడి జాతులనే, కలగలిపి. ఒకే రకం మొక్కల్ని వరసలుగా పెడితే వచ్చేది తోట.

కాబట్టి ముందు కనీసం ఒకటి రెండు కాలాలు ఆగి, ఎక్కడ చిగురుస్తోందో, ఎక్కడ లేదో నడిచి చూడాలి. పశువుల్నీ యంత్రాల్నీ అప్పటిదాకా లోపలికి రానీయకూడదు. మనుషులు నడిచే దారుల పక్కన, మీద పడే ప్రమాదమున్న చెట్లను కొట్టేస్తే చాలు. మీ విలేకరులకూ ఒక విన్నపం: ఎన్ని మొక్కలు నాటారన్న లెక్క అచ్చు వేసినప్పుడు, మూడేళ్ల తర్వాత అదే చోటికి వెళ్లి ఎన్ని బతికాయో కూడా రాయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు