రక్తనాళం బోరు పైపు కాదు

సంపాదకులకు,

అయ్యా,

గుండె రక్తనాళాల పూడికల గురించి మీ ఆదివారం ఆరోగ్య పేజీలో వచ్చిన వ్యాసంలో, మన అనంతపురం బోరు నీళ్ల పైపుల్లో తెల్లటి ఉప్పు పేరుకున్నట్టే ధమనుల్లో కొవ్వు పేరుకుంటుందని, స్టెంటు వేస్తే దారి శుభ్రమైపోతుందని రాశారు. పోలిక సులువుగానే అర్థమవుతుంది కానీ అందులో నిజం సగమే. స్టెంటు వేయించుకున్న ఎనిమిది నెలలకు అదే చోట నాళం మళ్లీ సన్నబడిన మా పక్కింటి పెద్దాయన ఆ పేపరు తెచ్చి, "శుభ్రం చేసినాక మళ్లా ఎట్ల పూడింది సార్?" అని అడిగితే, పైపు లెక్కన జవాబు చెప్పలేకపోయాను.

ధమని గోడ నడిమి పొరలో కదురు ఆకారపు నునుపు కండర కణాలుంటాయి. ఇవి ముడుచుకుంటూ, సడలుతూ రక్తపోటును అదుపు చేస్తాయి. ఎదిగిన గుండె కండర కణం దాదాపుగా విభజన మానేస్తుంది. ఈ నునుపు కండర కణాలకు ఆ కట్టుబాటు లేదు. స్టెంటు వేసేటప్పుడు నాళంలో ఉబ్బించే బెలూను ఒత్తిడికో, స్టెంటు తీగల ఒరిపిడికో గోడ గాయపడినప్పుడు, రక్తఫలకికలు (ప్లేట్‌లెట్లు) విడుదల చేసే వృద్ధి కారకాల ప్రేరణతో ఈ కణాలు తమ సంకోచ ప్రోటీన్లను తగ్గించుకొని, విభజన చెందుతూ లోపలి పొరకు వలసపోయి, అక్కడ కొలాజెన్ వంటి పీచు పదార్థాలను తయారుచేసి పోస్తాయి. స్టెంటు వేసిన చోట నాళం మళ్లీ సన్నబడేది ఇందువల్లే. వాన లేని ఏడు మడక పక్కన పెట్టి, బెంగళూరుకు పోయి గోడలు కట్టే రైతులను చూసిన మనకు ఇది వింతగా తోచనక్కరలేదు. మనిషి అతడే, పని మారింది. వానలు పడితే చాలామట్టుకు తిరిగి వస్తాడు, ఈ కణాల్లోనూ పలు కణాలు అట్లే వెనక్కి మళ్లుతాయి. (ముడుచుకునే రూపం, పదార్థాలు తయారుచేసే రూపం అనే ఈ రెండు రూపాలను చాంలీ-క్యాంప్‌బెల్, క్యాంప్‌బెల్, రాస్ అనే శాస్త్రవేత్తలు 1979లోనే చర్చించారు.) ఇప్పటి స్టెంట్లకు పూసే సిరోలిమస్ వంటి మందు కూడా కొవ్వును కరిగించడానికి ఉద్దేశించింది కాదు, ఈ కణాల విభజనను నిలువరించడానికే.

అట్లని వీటిని శత్రువులుగా చూపించడమూ సరికాదు. కొవ్వు ముద్ద మీద గట్టి పీచు కప్పు వేసి, అది పగలకుండా కాపాడేవి ఇవే. మూత్రపిండాల జబ్బు ముదిరి రక్తంలో ఫాస్ఫేటు పెరిగినవారిలో మాత్రం ఇవే కణాలు ఎముక కణాల లక్షణాలు తెచ్చుకొని గోడలో సున్నం పేరుస్తాయి. మీ వ్యాసంలోని ఉప్పు పోలిక కాస్తయినా అతికేది ఇక్కడే. అదైనా పారే నీరు వదిలిన ఉప్పులాంటిది కాదు, గోడ తానై పేర్చుకున్నది.

ఆ వ్యాసానికి సవరణగా ఈ లేఖను ప్రచురించగలరని కోరుతున్నాను.

విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు,
అనంతపురం