చీటీ పోయిన శిలాజం

సంపాదకుడు గారికి,

శిలాజాల్లో కొత్త ప్రజాతి (జీనస్, అంటే దగ్గరి జాతుల గుంపు) అనగానే ఎవరో కొండెక్కి ఏరుకొచ్చారనుకుంటాం. చాలాసార్లు అది దొరికేది బీరువాలో. గుజరాత్‌లోని కచ్‌లో దొరికిన జురాసిక్ కాలపు బ్రాకియోపాడ్‌ల (రెండు చిప్పల సముద్రజీవుల) మీద శిలాజ శాస్త్రవేత్త కిచిన్ రాసిన సంపుటం 1900లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా ప్రచురణగా వచ్చింది. అందులో ఆయన రింకోనెల్లా అనే ప్రజాతిలో కలిపిన ఒక జాతిని, 1917లో బర్మా శిలాజాలను పరిశీలిస్తూ బక్‌మన్ అనే మరో శాస్త్రవేత్త విడదీసి, కచ్చిరింకియా అనే కొత్త ప్రజాతిని నిలబెట్టాడు.

నేను డిగ్రీ కాలేజీలో జియాలజీ చెప్పి రిటైరయ్యాను. కచ్ టూర్‌లో పిల్లలు ఏరిన బ్రాకియోపాడ్‌లు మా డిపార్ట్‌మెంట్‌లో ఒక ట్రే నిండా ఉండేవి. ఒక్కొక్కటీ గచ్చకాయంత. చూడగానే ఆల్చిప్పలనేవారు. ఆల్చిప్పకు రెండు చిప్పలూ జోడుగా ఉంటాయి. వీటికి అలా కాదు, ఒకటి పెద్దది, కొస ముక్కులా వంగి ఉంటుంది, అక్కడ జీవి నేలను పట్టుకునే కాడ బయటికొచ్చే సన్నటి కన్నం. పైన గాడులు లెక్కపెట్టి పేరు చెప్పేద్దామని పిల్లలకు తొందర. కానీ పైకి ఒకేలా ఉన్నవి లోపల వేరు కావచ్చు. రింకోనెల్లా రకాల్లో లోపలుండే క్రూరా అనే సన్నని కొమ్ముల ఆకారం చూడందే ప్రజాతి తేలదు. లోపలంతా రాయి నిండిపోయి ఉంటుంది కదా, అందుకని మిల్లీమీటరులో పదో వంతు చొప్పున అరగదీస్తూ, ప్రతి కోతకూ బొమ్మ గీసుకోవాలి. పని అయ్యేసరికి చిప్ప పొడైపోతుంది. ముందే ఫొటో, ప్లాస్టర్ అచ్చు తీసి పెట్టుకోవడం అందుకే. పేరుకు ఆధారమైన హోలోటైప్‌ను ఇలా అరగదీసుకోలేం కాబట్టి అదే రాతి పొరలోవి మరికొన్ని చేతిలో ఉండాలి. అదే పొర అని చెప్పేది పక్కనున్న చీటీ ఒక్కటే.

కోర్సులో చేరేవాళ్లు తగ్గి మా డిపార్ట్‌మెంట్ ఎత్తేశారు. సున్నాలు వేసేటప్పుడు ట్రేలు వరండాలో పడేశారు, చీటీలు చెత్తలో ఊడ్చేశారు. ఏది ఏ కొండదో ఇక ఎవరూ చెప్పలేరు. స్కేలు పక్కన పెట్టి ఎన్ని ఫొటోలు తీసినా లాభం లేదు.

జియాలజీ మూసేసే ప్రతి కాలేజీ నమూనాలను చీటీలు, ఫీల్డ్ నోట్‌బుక్‌లతో సహా యూనివర్సిటీ మ్యూజియానికి రాతపూర్వకంగా అప్పగించేలా ఉన్నత విద్యా శాఖ ఉత్తర్వులివ్వాలి. డబ్బు ఖర్చయ్యే పని కూడా కాదు. విరిగిన స్టూలుకు కూడా నంబరు వేసి లెక్క చూపించే స్టాక్ రిజిస్టర్‌లో వీటికీ ఒక పేజీ ఇవ్వమంటున్నాను.

– ఒక రిటైర్డ్ జియాలజీ లెక్చరర్, కాకినాడ