టచ్‌ప్యాడ్ మార్చేముందు ‘ట్యాప్’ ఆపి చూడండి

సంపాదకుల వారికి నమస్కారం.

ల్యాప్‌టాప్‌లో తెలుగు టైపు చేస్తుంటే కర్సర్ ఉన్నట్టుండి పై పేరాలోకి ఎగిరిపోవడం, సగం పదం అక్కడ పడటం, ఒక్కోసారి నాలుగు లైన్లు మాయమవడం చాలామందికి తెలిసిన బాధే. వైరస్ అనుకుని కొందరు ఫార్మాట్ కొట్టిస్తారు. టచ్‌ప్యాడ్ పోయిందని కొందరు కొత్తది వేయించుకుంటారు. సర్వీసింగ్, డీటీపీ పనుల్లో ఉన్న మేం చెప్పదలచుకున్నది ఒక్కటే. చాలాసార్లు అక్కడ ఏ పార్టూ చెడిపోయి ఉండదు. తాకితే చాలు క్లిక్ అయ్యేలా పెట్టిన ‘ట్యాప్’ అనే ఒక సెట్టింగ్ తెచ్చే తంటా అది. దాన్ని ఆపడానికి అర నిమిషం చాలు, పైసా ఖర్చు లేదు.

టచ్‌ప్యాడ్‌కి బరువుతో పని లేదు. దాని పైపొర కింద సన్నని లోహపు గీతల గడి ఉంటుంది. చర్మం దగ్గరకొస్తే ఆ గడిలో కెపాసిటెన్స్, అంటే విద్యుత్ ఆవేశాన్ని నిలుపుకునే శక్తి, మారుతుంది. ఆ మార్పు ఎంత మేర వచ్చింది, ఎంతసేపు ఉంది అన్నదాన్ని బట్టే అది వేలా, అరచెయ్యా అని తేల్చుకుంటుంది. అరచెయ్యి మొత్తం ఆనితే పెద్ద మచ్చలా తెలుస్తుంది కాబట్టి పట్టించుకోదు. చిక్కల్లా బొటనవేలి మొదట్లో ఉండే దళసరి కండతోనే. స్పేస్‌బార్ కొట్టడానికి బొటనవేలు దించినప్పుడల్లా ఆ కండ అంచు ప్యాడ్‌కు అలా తగిలి ఇలా లేస్తుంది. ఆ మచ్చ వేలికొనంతే ఉంటుంది, ఉండేదీ రెప్పపాటే. ప్యాడ్ లెక్కలో అది అచ్చమైన క్లిక్. ఆ క్షణాన మౌస్ గుర్తు తెర మీద ఎక్కడుంటే కర్సర్ అక్కడికి పోతుంది. సెట్టింగ్ మార్చే వీలులేని చోట, అంటే ఎవరిదో ల్యాప్‌టాప్ మీద అత్యవసరంగా టైపు చేస్తున్నప్పుడు, మౌస్ గుర్తును తీసుకెళ్లి పైన ఫైలు పేరు కనబడే పట్టీలో ఖాళీగా ఉన్న చోట వదిలేయండి. అక్కడ క్లిక్ పడినా కర్సర్ కదలదు.

ఇంగ్లీషులో కర్సర్ ఎగిరితే తప్పు వెంటనే కంటికి ఆనుతుంది. తెలుగులో అలా కాదు. భారతీయ భాషల ప్రామాణిక కీబోర్డు అమరిక అయిన ఇన్‌స్క్రిప్ట్‌లో ఒక్కో గుర్తూ విడిగా కొడితే ‘రాష్ట్రం’ అన్న మాటకు ఎనిమిది నొక్కులు: ర, దీర్ఘం, ష, పొల్లు, ట, పొల్లు, ర, సున్నా. ష దాకా వచ్చాక కర్సర్ ఎగిరి పైనెక్కడో ‘కలం’ అన్న మాటలో క పక్కన వాలిందనుకోండి. తరవాత కొట్టిన పొల్లు ఆ క కి అతుక్కుంటుంది. అక్కడ ‘క్ట్రంలం’ తయారవుతుంది, ఇక్కడ ‘రాష’ మిగులుతుంది. ఇదైనా నయం, ప్రూఫులో దొరుకుతుంది. పొల్లు ఒక్కటే పడ్డాక చూసుకుని కర్సర్‌ను వెనక్కి తెచ్చుకుంటే, ‘కలం’ కాస్తా ‘క్లం’ అయి కూర్చున్న సంగతి పేజీ అచ్చయ్యేదాకా ఎవరికీ తెలియకపోవచ్చు. ఇంగ్లీషు అక్షరాలతో కొట్టే ఫొనెటిక్ పద్ధతిలో తంటా వేరు. పదం పూర్తికాకముందే క్లిక్ పడితే సగం పదం అక్కడికే ఖాయమైపోతుంది, మిగతా సగం ఇంకోచోట కొత్త పదంగా మొదలవుతుంది.

అన్నిటికన్నా చెడ్డది, కండ రెండుసార్లు వెంటవెంటనే తగిలి కాస్త జారడం. ప్యాడ్ దాన్ని ‘సెలెక్ట్ చేయమంటున్నారు’ అనుకుంటుంది. సెలెక్ట్ అయిన మూడు లైన్ల మీద మీ తరవాతి అక్షరం పడుతుంది, మూడు లైన్లూ పోతాయి. అక్కడికక్కడే చెయ్యి ఆపి కంట్రోల్, జెడ్ కొడితే తిరిగొస్తాయి. ఫైలు సేవ్ చేసి మూసేశాక గుర్తొస్తే మళ్లీ టైపు చేసుకోవడమే.

ఇక సెట్టింగ్ సంగతి. విండోస్ 11లో సెట్టింగ్స్ తెరిచి, బ్లూటూత్ అండ్ డివైసెస్‌లోకి, అక్కణ్నుంచి టచ్‌ప్యాడ్‌లోకి వెళ్లాలి. విండోస్ 10లో అయితే సెట్టింగ్స్, డివైసెస్, టచ్‌ప్యాడ్. ‘ట్యాప్స్’ అన్న భాగంలో ‘ట్యాప్ విత్ ఎ సింగిల్ ఫింగర్ టు సింగిల్ క్లిక్’ ముందున్న టిక్కు తీసేయండి. ‘ట్యాప్ ట్వైస్ అండ్ డ్రాగ్ టు మల్టీ సెలెక్ట్’ ముందున్నదీ తీసేయండి. కుడి దిగువ మూల నొక్కితే రైట్ క్లిక్ అయ్యే టిక్కు మాత్రం ఉంచుకోండి. ఇకమీదట క్లిక్ కావాలంటే ప్యాడ్‌ను ‘టక్’మనేలా నొక్కాలి. చాలా ప్యాడ్‌లకు బందు పైఅంచున ఉంటుంది కాబట్టి దిగువ సగంలో నొక్కితేనే దిగుతుంది. పైన నొక్కి ‘బిగుసుకుపోయింది’ అని షాపుకు తెచ్చేవారూ ఉన్నారు.

నొక్కడం ఇష్టం లేనివారు ట్యాప్ ఉంచుకుని, అదే పేజీలో ‘టచ్‌ప్యాడ్ సెన్సిటివిటీ’ని ‘లో’కి దించుకోవచ్చు. కీ కొట్టిన తరవాత కాసేపు ట్యాప్‌లను పట్టించుకోకుండా ఉంచే ఏర్పాటు ఇది. విండోస్ 8.1లో దీన్ని ‘డిలే’ అనే పిలిచేవారు, ఆ పేరే నయం. ఇప్పటి పేరు చూసి జనం కర్సర్ స్పీడ్‌తో కలిపేసుకుంటున్నారు. స్పీడ్ తగ్గిస్తే మౌస్ గుర్తు నెమ్మదిగా కదులుతుందంతే, దొంగ క్లిక్కులు ఒక్కటీ తగ్గవు.

పాత ల్యాప్‌టాప్‌లలో ఈ సెన్సిటివిటీ వరస కనబడకపోవచ్చు. వాటిలో కంట్రోల్ ప్యానెల్‌లో మౌస్ తెరిస్తే చివరి ట్యాబ్‌లో టచ్‌ప్యాడ్ తయారీ కంపెనీలైన సినాప్టిక్స్ లేదా ఈలాన్ వారి సెట్టింగ్స్ ఉంటాయి. సినాప్టిక్స్‌లో అరచేతి తాకిడిని వదిలేసే ‘పామ్‌చెక్’ అన్నదాన్ని ఎక్కువ వైపు జరపాలి. ఆ ట్యాబే లేకపోతే ల్యాప్‌టాప్ కంపెనీ సైటులో మీ మోడల్ నంబరుకు ఇచ్చిన డ్రైవరే వేసుకోండి, ఎక్కడెక్కడివో దించుకోవద్దు. లినక్స్‌లో గ్నోమ్ అనే డెస్క్‌టాప్ వాడేవారు మౌస్ అండ్ టచ్‌ప్యాడ్ పేజీలో ‘డిజేబుల్ టచ్‌ప్యాడ్ వైల్ టైపింగ్’ ఆన్‌లో ఉందో లేదో చూసుకోవాలి. ఆటలాడేవారు దాన్ని ఆపేసి మరిచిపోతుంటారు.

మౌస్ వాడేవారికి ఇంకా తేలిక. ‘లీవ్ టచ్‌ప్యాడ్ ఆన్ వెన్ ఎ మౌస్ ఈజ్ కనెక్టెడ్’ టిక్కు తీసేస్తే మౌస్ తగిలించగానే ప్యాడ్ ఆగిపోతుంది. ఇందులో ఒక మెలిక ఉంది. వైర్‌లెస్ మౌస్ బ్యాటరీ అయిపోయినా దాని చిన్న డాంగిల్ యూఎస్‌బీలో ఉన్నంతసేపూ మౌస్ ఉన్నట్టే లెక్క. మౌసూ పనిచేయదు, ప్యాడూ పనిచేయదు. డాంగిల్ పీకేయండి, ప్యాడ్ లేస్తుంది.

ఇవన్నీ చేసినా తగ్గకపోతే అప్పుడు హార్డ్‌వేర్ వైపు చూడాలి. చెయ్యి పెట్టకపోయినా మౌస్ గుర్తు వణుకుతోందా? ఛార్జర్ తీసి బ్యాటరీ మీద నడిపి చూడండి. వణుకు ఆగితే తప్పు ప్యాడ్‌ది కాదు, కరెంటుది. ఛార్జర్‌లోని ఫిల్టర్ కెపాసిటర్ల గుండా అతి కొద్ది కరెంటు ల్యాప్‌టాప్ బాడీలోకి వస్తూ ఉంటుంది. మూడు పిన్నుల ఛార్జర్‌లో అది ఎర్త్ తీగ గుండా పోవాలి. పైనున్న లావు పిన్నును వదిలేసి రెండు పిన్నుల అడాప్టర్‌లో గుచ్చినా, ఇంటి సాకెట్‌కు ఎర్త్ తీగే లాగకపోయినా, అది ప్యాడ్ కొలతల్లో కలిసి గోల చేస్తుంది. లోహపు బాడీ మీద వేలు రాస్తే జివ్వుమనేదీ ఇందుకే. ఎలక్ట్రీషియన్ చేత మల్టీమీటర్‌తో చూపించండి. ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య దాదాపు 230 వోల్టులు, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య కొద్ది వోల్టులే ఉండాలి.

ప్యాడ్ చుట్టుపక్కల కంటే పైకి ఉబికిందా, తనంతట తనే క్లిక్ అవుతోందా, లేక నొక్కినా దిగడం లేదా? అప్పుడు సెట్టింగ్‌ల జోలికి పోకండి. చాలా పల్చటి ల్యాప్‌టాప్‌లలో బ్యాటరీ ప్యాడ్ కిందే ఉంటుంది. లిథియం బ్యాటరీ లోపల గ్యాస్ పుట్టి ఉబ్బితే కిందినుంచి తోస్తుంది. మూత మూసి గాజు బల్ల మీద పెడితే ల్యాప్‌టాప్ ఊగుతుంది. వెంటనే ఆఫ్ చేసి ఛార్జర్ తీసేయండి. ప్యాడ్‌ను లోపలికి నొక్కడం, బ్యాటరీకి పొడిచి గాలి తీయాలని చూడటం నిప్పుతో చెలగాటమే. సర్వీస్ సెంటర్లో విప్పించి మార్పించండి. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీలను వెనక్కి సేకరించే బాధ్యత ఉత్పత్తిదారులది, చెత్తబుట్టలో వేయవద్దు.

కొత్తగా కొనేవారికి ఒక మాట. పక్కన నంబర్ కీలున్న 15.6 అంగుళాల మోడళ్లలో అక్షరాల భాగం ఎడమకు జరిగి ఉంటుంది. ప్యాడ్ కూడా దానితోపాటే జరిగి స్పేస్‌బార్ కింద నడిమధ్యన ఉండాలి. బాడీ మధ్యలో పెట్టేస్తే కుడి చెయ్యి పూర్తిగా దాని మీదే పడుతుంది. జీ, హెచ్ కీల మధ్యనుంచి కిందికి ఒక గీత ఊహించుకుని చూస్తే తెలిసిపోతుంది.

అసలు ట్యాప్ ఆన్‌లోనే ఎందుకు అమ్ముతున్నారన్నది మా ప్రశ్న. మ్యాక్‌లో ‘ట్యాప్ టు క్లిక్’ ఆఫ్‌లో వస్తుంది, కావలసినవారు ఆన్ చేసుకుంటారు. గ్నోమ్ కూడా చాలాకాలం అలాగే ఉంచి, 2024లో వచ్చిన 46వ వెర్షన్‌తో ఆన్ చేసింది. విండోస్ ల్యాప్‌టాప్‌లు మాత్రం ఆన్‌లోనే చేతికొస్తాయి. షోరూంలో రెండు నిమిషాలు తడిమి చూసేవారికి అది బాగుంటుంది, పొద్దస్తమానం టైపు చేసేవారికి కాదు. అమ్మే షాపులు బిల్లు ఇచ్చేటప్పుడు ‘టైపింగ్ పనికా?’ అని ఒక్క మాట అడిగి ఇది మార్చి ఇవ్వాలి. టైపింగ్ నేర్పే సంస్థలు మొదటి రోజే చూపించాలి. కార్యాలయాల్లో, కంప్యూటర్ ల్యాబుల్లో సిస్టమ్స్ చూసేవారు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి: ఈ సెట్టింగ్ యంత్రానికి కాదు, లాగిన్‌కు చెందినది. ఉదయం షిఫ్టువారి లాగిన్‌లో ఆపితే సాయంత్రం షిఫ్టువారికి వర్తించదు, ఒక్కో లాగిన్‌లోనూ విడిగా టిక్కు తీయాల్సిందే.

ఇట్లు,
ల్యాప్‌టాప్ సర్వీసింగ్, తెలుగు డీటీపీ పనివారు,
విజయవాడ