పేరు రాసే గడిలోంచి కోడ్ దూరితే తప్పు ఎవరిది?

సంపాదకులకు నమస్కారం.

ఆన్‌లైన్ మోసం వార్త వచ్చిన ప్రతిసారీ కింద అదే సలహా ఉంటుంది: అడ్రస్ సరిచూసుకోండి, తాళం గుర్తు చూడండి, తెలియని లింకులు నొక్కకండి. మంచి మాటలే. కానీ సైట్ పేజీలోకే బయటివాడు తన కోడ్ దూర్చే క్రాస్ సైట్ స్క్రిప్టింగ్ దాడి దగ్గర అవి పెద్దగా అక్కరకు రావు. అడ్రస్ అసలైనదే, తాళమూ అసలైనదే. దాడి చేసేవాడి కోడ్ ఆ సైట్ పేజీలోనే, ఆ సైట్ హక్కులతోనే నడుస్తుంది. ఇక్కడ జాగ్రత్తపడాల్సింది సైట్ కట్టినవాళ్లు.

ఫిర్యాదు ఫారం తీసుకోండి. పేరు గడిలో పేరుకు బదులు ఒకడు ఇమేజ్ ట్యాగ్ (పేజీలో బొమ్మ పెట్టమని బ్రౌజర్‌కు చెప్పే ఆదేశం) రాస్తాడు. లేని ఫైలును చూపించి, బొమ్మ దొరక్కపోతే నడవాల్సిన జావాస్క్రిప్ట్ కోడ్‌ను ఆ ట్యాగ్‌లోని ఆన్ఎర్రర్ భాగంలో పెడతాడు. సర్వర్ దాన్ని ఉన్నదున్నట్టు డేటాబేస్‌లో దాచుకుంటుంది. తర్వాత ఆ ఫిర్యాదును అధికారి తన లాగిన్‌తో తెరుస్తారు. ఆ పేరును పేజీలోకి, రాతలోని ట్యాగులను ట్యాగులుగానే తీసుకునే ఇన్నర్‌హెచ్‌టీఎంఎల్‌తో ఎక్కించి ఉంటే బ్రౌజర్‌కు అది పేరు కాదు, ట్యాగ్. బొమ్మ దొరకదు, కోడ్ నడుస్తుంది. ఆయన ఏ లింకూ నొక్కలేదు. అయినా ఆయన చేయగలిగిన పనులన్నీ ఇక ఆ కోడ్ కూడా చేయగలదు: మిగతావాళ్ల ఫిర్యాదులు చదవడం, వాటి స్థితి మార్చడం, అధికారం ఉంటే కొత్త యూజర్‌ను సృష్టించడం. అదే చోట దేన్నైనా వట్టి అక్షరాలుగానే చూపే టెక్స్ట్‌కంటెంట్ వాడి ఉంటే ఆ ట్యాగ్ తెరమీద పిచ్చి రాతలా కనిపించి ఊరుకునేది. తేడా ఒక్క లైను.

దీనికి తరచూ చేసే మరమ్మతు, ‘స్క్రిప్ట్’ అన్న మాట కనిపిస్తే ఫారం తిరగ్గొట్టడం. పైన చెప్పిన ట్యాగ్‌లో ఆ మాటే లేదు! 2005లో మైస్పేస్ అనే సోషల్ నెట్‌వర్క్ కూడా ‘జావాస్క్రిప్ట్’ అన్న మాటను వడగట్టేది. శామీ కమ్కార్ అనే ప్రోగ్రామర్ దాన్ని ‘జావా’ దగ్గర విరిచి రెండు లైన్లలో రాశాడు. వడపోత గుర్తుపట్టలేదు, కొన్ని బ్రౌజర్లు మాత్రం కలిపి చదివేశాయి. ఒక్క రోజు తిరక్కుండానే అతని వార్మ్ (తనంతట తానే పాకే కోడ్) పది లక్షలకు పైగా ప్రొఫైళ్లకు పాకింది.

అసలు కాపలా ఉండాల్సింది డేటా పేజీలోకి వెళ్లే చోట. మామూలు పాఠ్యంలో లెస్ దేన్, యాంపర్సాండ్, కోట్ గుర్తులను ఎంటిటీలుగా (బ్రౌజర్ ట్యాగ్ అనుకోకుండా అక్షరంగానే చూపే సంకేతాలుగా) మార్చాలి. లింకు అడ్రస్‌లో అది చాలదు, ఎందుకంటే ‘జావాస్క్రిప్ట్ కోలన్’తో మొదలై, నొక్కితే కోడ్‌గా నడిచే అడ్రస్‌కు ఆ గుర్తులతో పనే లేదు. అక్కడ హెచ్‌టీటీపీ, హెచ్‌టీటీపీఎస్ మాత్రమే ఒప్పుకోవాలి. పేజీలు కట్టడానికి వాడే రియాక్ట్ లాంటి ఫ్రేమ్‌వర్కులు పాఠ్యం సంగతి వాటంతటవే చూసుకుంటాయి. అయినా ‘డేంజరస్లీ సెట్ ఇన్నర్ హెచ్‌టీఎంఎల్’ అని పేరులోనే ప్రమాదం రాసి ఉన్నదాన్ని వెతికి మరీ వాడేవాళ్లున్నారు. బోల్డు, ఇటాలిక్కులు నిజంగా కావాలంటే ముందు ప్రమాదకరమైన ట్యాగులను తీసేసే డోమ్‌ప్యూరిఫై లైబ్రరీతో కడగాలి.

లాగిన్‌ను గుర్తుంచే కుకీని కోడ్ చదవకుండా దానికి హెచ్‌టీటీపీ ఓన్లీ పెట్టాం కదా అంటారు. కోడ్ కుకీని చదవలేదు, నిజమే. చదవాల్సిన అవసరమూ లేదు: పేజీలోంచే రిక్వెస్ట్ పంపితే కుకీని బ్రౌజరే జతచేస్తుంది. ఏ కోడ్ నడవొచ్చో బ్రౌజర్‌కు చెప్పే కంటెంట్ సెక్యూరిటీ పాలసీ మంచి రెండో గోడే, కానీ అందులో పేజీలోనే రాసిన కోడ్‌ను నడవనిచ్చే ‘అన్‌సేఫ్ ఇన్‌లైన్’ అనుమతించారంటే ఈ దాడికి తలుపు తీసిపెట్టినట్టే.

ప్రజాధనంతో కట్టే సైట్లకు బిల్లు చెల్లించే ముందు భద్రతా పరీక్ష నివేదిక అడగాలి. అందులో ప్రజలు చూసే పేజీలతో పాటు సిబ్బంది మాత్రమే తెరిచే పేజీలు కూడా ఉన్నాయో లేదో చూడాలి. ఎక్కువగా వదిలేసేది వాటినే. లోపం కనిపెట్టినవారు ఎవరికి చెప్పాలో తెలిసేలా సైట్‌లో సెక్యూరిటీ డాట్ టీఎక్స్‌టీ ఫైలు ఉంచాలి. చెప్పినవారిపై కేసు పెడతామని బెదిరించడం మానాలి.

ఇట్లు,
వెబ్ భద్రతా పరీక్షల రంగంలోని ఒక పాఠకుడు